కాలికి కట్టిన ఉయ్యాల

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏడు నడుస్తుండగా, ఒక వానాకాలం మొత్తం మా ఇంటి పడమటి గదిలో చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకుని గడిపాను. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఆ తర్వాత ఎన్నో ఊళ్ళలో ఎన్నో ఇళ్ళలో ఉన్నాను. అయినా కళ్ళు మూసుకుంటే నాకు ముందు కనిపించేది ఆ గది పైకప్పే. తాటి దూలాలు, వాటి మీద వెదురు బద్దలు, ఒక మూల వాన కారి నల్లబడిన తాటాకు. ఆ నలుపు రోజురోజుకీ ఎంత పాకిందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మా ఊరు కొల్లేటిలో ఒక లంక. ఎండాకాలం చుట్టూ చేలూ బీళ్ళూ ఉండేవి. వానలు ముదిరి, పైనుంచి ఏళ్ళు పొంగి కొల్లేట్లో పడితే ఊరు నీళ్ళ మధ్య మిగిలేది. ఎక్కడికి వెళ్ళాలన్నా పడవే. మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో గుమస్తా. అక్కడే ఉంటూ, సెలవు దొరికినప్పుడు రైల్లో ఏలూరు దాకా వచ్చి, అక్కణ్ణుంచి పడవ మీద ఇంటికి చేరేవారు. ఇంట్లో అమ్మ, నేను, ఉయ్యాల్లో పసివాడైన తమ్ముడు, మా మేనత్త ఉండేవాళ్ళం. మేనత్త అంటే నాన్నగారి అక్కగారు. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఇంటెడు చాకిరీ ఆవిడదే. గడప దాటి ఎక్కడికీ వెళ్ళేది కాదు. మాట కరుకు. నాకు ఆవిడంటే కాస్త భయం.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం నాన్నగారు వస్తున్నారని తెలిసి రేవుకు పరిగెత్తాను. పడవ నిండా ఉప్పు బస్తాలు. ముందు భాగంలో నాన్నగారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. పడవ ఒడ్డుకు ఆనేదాకా ఆగలేక దూకి ఎక్కబోయాను. అడుగు జారింది. నా ఎడమ కాలు పడవకీ రేవు రాళ్ళకీ మధ్య పడింది. అంత బరువున్న పడవను నీళ్ళ మీద ఎవరు ఆపగలరు? చప్పుడు గుర్తుంది. నొప్పి ఆ తర్వాత వచ్చింది.

తొడ ఎముక విరిగిందన్నారు. పక్క లంక నుంచి కట్టు కట్టే ఆయన్ని తీసుకొచ్చారు. ఆయన ఎముకను సరిచేసి, ఆకు పసరు పట్టించి, తుంటి నుంచి మడమ దాకా వెదురు బద్దలు వేసి బిగించి కట్టాడు. నులక మంచం పనికిరాదని చెక్కబల్ల వేయించాడు. కాలు కదలకుండా రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టించాడు. "ఎముక అతుక్కునేదాకా పిల్ల పక్కకి కూడా తిరక్కూడదండీ" అని చెప్పి వెళ్ళాడు.

ఆ మాట విన్నప్పుడు నాకు దాని అర్థం తెలియలేదు. మర్నాటి నుంచి తెలిసింది. వీపు కింద చెక్క. తల పక్కకి తిప్పితే కిటికీ. కిటికీలోంచి పెరటి దడి పైభాగం, దాని పైన ఆకాశం. అంతకు మించి ఏమీ కనిపించేది కాదు. కట్టు కింద దురద పుట్టేది. గోకడానికి వీల్లేదు. చీమలు పాకినట్టుండేది, చూడ్డానికి వీల్లేదు. అన్నం నోట్లో పెట్టాలి, నీళ్ళు పట్టాలి. మిగతా పనులన్నీ కూడా ఒకళ్ళ చేతుల మీద జరగాలి. మొదట్లో సిగ్గుతో ఏడ్చేదాన్ని. తర్వాత సిగ్గు కూడా పోయింది. అది పోవడమే ఎక్కువ బాధగా ఉండేది.

శ్రావణం వచ్చేసరికి నీళ్ళు పెరిగాయి. దడి దాటి పెరట్లోకి వచ్చాయి. బల్ల మీదికి నీళ్ళ చప్పుడు వినిపించేది, ఎవరో మెల్లగా గోడను తడుతున్నట్టు. పిల్లలు తాటి దోనెల మీద తిరుగుతూ కేకలు వేసుకునేవారు. ఆ గొంతులు ఎవరివో పోల్చుకునేదాన్ని. మొదట్లో కిటికీ దగ్గరకొచ్చి పలకరించేవారు. కొన్నాళ్ళకి మానేశారు. వాళ్ళ తప్పేమీ లేదు. చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. వచ్చినవాళ్ళు చేపల గురించి, నీళ్ళ గురించి, బడి గురించి చెబితే నాకు ఉక్రోషం వచ్చేది.

వచ్చిపోయే ఆడవాళ్ళు మాత్రం ఎక్కువయ్యారు. గుమ్మం దగ్గర నిలబడి నన్ను చూసి నిట్టూర్చేవారు. అమ్మతో వంటింట్లో మాట్లాడే మాటలు నాకు వినిపించవనుకునేవారు. "మగపిల్లాడైనా బాగుండేదండీ. ఆడపిల్ల, కాలు వంకర పోతే ఎలా చెప్పండి" అని ఒకావిడ అనడం నేను విన్నాను. అమ్మ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

భాద్రపదంలో కట్టు విప్పారు. ఆ రోజు కోసం ఎంత ఎదురు చూశానో చెప్పలేను. బద్దలు తీసెయ్యగానే లేచి పరిగెడతాననుకున్నాను. తీరా విప్పాక కనిపించిన కాలు నాది కాదనిపించింది. సన్నగా, తెల్లగా, పొలుసులు లేచి, ఒక చేపను ఎండబెట్టినట్టుంది. మోకాలు వంగలేదు. కట్టు కట్టిన ఆయన నా మడమ పట్టుకుని కొద్దిగా వంచబోయాడు. నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు వచ్చారు.

"ఎముక బాగానే అతుక్కుందండీ. ఇక ఈ మోకాలు రోజూ వంచాలి. ఏడిచినా వంచాలి. వంచకపోతే కర్రలా బిగుసుకుపోతుంది. ఆనక ఎవరూ ఏమీ చెయ్యలేరు" అన్నాడు ఆయన.

అమ్మ రెండు రోజులు ప్రయత్నించింది. నేను ఏడిస్తే తనూ ఏడ్చేది. మూడో రోజు నా కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది గాని వంచలేకపోయింది. నాన్నగారు వచ్చినప్పుడు నన్ను ఎత్తుకుని వసారాలోకి తీసుకెళ్ళి, "నడవకపోతే పోనీలే తల్లీ, నేను మోస్తాను" అన్నారు. ఆ మాట నాకు ఎంతో హాయిగా అనిపించింది. ఆయన భుజం మీద తల పెట్టుకుని, ఇక నేను లేవక్కర్లేదు అనుకున్నాను. అప్పటిదాకా ఆ గది నన్ను పట్టి ఉంచింది. ఆ రోజు నుంచి నేనే గదిని పట్టుకున్నాను. మళ్ళీ బల్ల మీద దింపగానే గోడ వైపు తిరిగి పడుకున్నాను. పక్కకి తిరగడానికి అనుమతి వచ్చాక నేను చేసిన మొదటి పని అదే.

నాన్నగారు వెళ్ళిపోయాక అమ్మకి చలిజ్వరం పట్టుకుంది. కొల్లేటి ఊళ్ళలో ఆ రోజుల్లో అది ఏటా ఉండేదే. రెండు దుప్పట్లు కప్పినా వణికిపోయేది. ఇల్లు, జ్వరం మనిషి, పసివాడు, నేను, అందరం అత్తయ్య మీదే పడ్డాం. తమ్ముడు ఊరికే ఏడిచేవాడు. ఒక పొద్దున్న అత్తయ్య ఉయ్యాలను తీసుకొచ్చి మా గది దూలానికి, నా బల్లకు ఎదురుగా కట్టింది. పసివాణ్ణి అందులో పడుకోబెట్టింది. ఉయ్యాల అంచుకు ఒక తాడు కట్టి, రెండో కొసను తెచ్చి, మెత్తటి గుడ్డ చుట్టి, నా ఎడమ పాదానికి ముడి వేసింది.

నేను కాలు వెనక్కి లాక్కోబోయాను. నొప్పి పుట్టి ఆగిపోయాను. ఆ కాస్త కదలికకే ఉయ్యాల కిర్రుమంది.

"అదే. అలాగే ఊపు" అంది అత్తయ్య.

"నొప్పెడుతోంది. చేత్తో లాగుతాను."

"చేతులకి వేరే పని ఉంది." నా పొట్ట మీద ఒక చేట పెట్టింది. దాన్నిండా చింతపండు. "ఈనెలు, గింజలు తీసెయ్యి. మీ అమ్మకి జ్వరం. నాకు రెండే చేతులు. ఈ ఇంట్లో ఖాళీగా ఉన్నదానివి నువ్వొక్కదానివే."

ఇల్లంతా నన్ను చూసి జాలిపడుతుంటే ఖాళీగా ఉన్నానని అన్నది ఆవిడొక్కతే. కోపంతో చింతపండును గట్టిగా పిసికాను. ఆవిడ అటు వెళ్ళగానే తమ్ముడు గుక్కపట్టాడు. పిలిచాను, రాలేదు. అరిచాను, రాలేదు. వాడి ముఖం ఎర్రబడిపోతోంది. చేతులకు చింతపండు జిగురు. చివరికి పళ్ళు బిగబట్టి మడమను బల్ల మీద కొంచెం వెనక్కి జరిపాను. ఉయ్యాల ఇటు వచ్చింది. వదిలితే అటు వెళుతూ నా కాలిని మెల్లగా చాపింది. మళ్ళీ జరిపాను. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. వాడు ఏడుపు ఆపి, పైన దూలం వైపు చూస్తూ ఏదో ఊసులాడాడు. నేను ఆపితే వాడు మొదలుపెట్టేవాడు. వాడికి నా మోకాలితో పనేముంది?

అలా మొదలైంది. పొద్దున్నా సాయంత్రం వాడు నిద్రపోయేదాకా ఊపాలి. నాలుగైదు రోజులకి నొప్పి ఉంటూనే ఉంది గాని భయం తగ్గింది. అయితే ఒక చిత్రం జరిగేది. నిన్న ఎంత జరిపితే ఉయ్యాల ఊగిందో, ఇవాళ అంతే జరిపితే ఊగేది కాదు. తాడు వదులుగా వేలాడేది. ఇంకాస్త వెనక్కి లాగితేగాని బిగిసేది కాదు.

"తాడు సాగిపోయింది అత్తయ్యా, బిగించండి" అన్నాను.

"వానాకాలం కదే. తడికి తాడు సాగుతుంది. నేనేం చెయ్యను?" అంది ఆవిడ, వెనక్కి తిరిగి చూడకుండా.

పడవల ఊళ్ళో పుట్టినదాన్ని. తడిస్తే తాడు బిగుసుకుంటుందని నాకు తెలియకపోలేదు. రేవులో ఎన్నిసార్లు చూశానో. కానీ ఆవిడ అంత నిబ్బరంగా చెప్పేసరికి మా ఇంటి తాడు వేరేమో అనుకున్నాను. ఒకనాడు తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. అత్తయ్య ఉయ్యాల దగ్గర నిలబడి తాడు ముడి విప్పుతోంది. నా కాలి వైపు ఒకసారి చూసి, కాస్త తాడు వదిలి, మళ్ళీ ముడి వేసింది. నేను కళ్ళు మూసుకున్నాను.   ఆ రోజు తాడు ఎంత వదులైందో చూసుకుని, ఎప్పటికన్నా ఎక్కువసేపు ఊపాను.

ఇదంతా చెబుతుంటే రోజురోజుకీ బాగుపడుతూ పోయానని అనుకుంటారేమో. అలా జరగలేదు. ఆశ్వయుజంలో తుఫాను పట్టింది. గాలి, వాన, తలుపులన్నీ మూత. పట్టపగలే గదిలో దీపం. మోకాలు వాచింది. ముందు వంగినంత కూడా వంగలేదు. ఇన్నాళ్ళ కష్టమూ పోయిందనిపించింది. తమ్ముడు ఏడుస్తున్నా నేను కదలలేదు. అత్తయ్య వచ్చి చూసింది. నేను చేట విసిరికొట్టాను. చింతగింజలు గదంతా చెల్లాచెదురయ్యాయి.

"నేను ఊపను. నేను లేవను. మీరు మాత్రం ఎక్కడికైనా వెళ్తున్నారా? మీరూ ఈ ఇంట్లోనే పడి ఉన్నారుగా!" అని అరిచాను.

కొడుతుందనుకున్నాను. ఆవిడ తమ్ముణ్ణి ఉయ్యాల్లోంచి తీసి భుజాన వేసుకుని, నా బల్ల అంచున కూర్చుంది. అంతకు ముందు ఆవిడ నా దగ్గర ఊరికే కూర్చోవడం నేను చూడలేదు. 

"ఆయన పోయి ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకు పదహారేళ్ళు" అంది. "ఈ గదే ఇచ్చారు. ఇదిగో, ఈ గోడ వైపే తిరిగి పడుకునేదాన్ని. ఎవరూ ఏమీ అనలేదు. కంచం ఇక్కడికే వచ్చేది. పాపం, పడుకోనివ్వండి అనేవారు. ఏడాది గడిచింది. లేవాలన్న సంగతే మర్చిపోయాను."

"మరి ఎలా లేచారు?"

"మీ నాన్న అప్పుడు నీకన్నా చిన్నవాడు. ఒకరోజు అందరూ కోతలకి పోయారు. వాడు వచ్చి గుమ్మంలో నిలబడి, అక్కా ఆకలేస్తోంది అన్నాడు. నన్ను చూసి పాపం అనలేదు. వాడికి అన్నం కావాలి, అంతే. లేచి కలిపి పెట్టాను. నిలబడితే కాళ్ళు వణికాయే పిల్లా. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను." పసివాణ్ణి రెండో భుజానికి మార్చుకుని, "నువ్వన్నది నిజమే. గడప దాటలేదు. వంటింటి దాకా వచ్చాను. నాకు చేతనైంది అంతే" అంది.

ఊపమని మాత్రం అనలేదు. పసివాణ్ణి మళ్ళీ ఉయ్యాల్లో వేసి, కింద కూర్చుని గింజలు ఏరడం మొదలుపెట్టింది. ఆవిడ వీపు నాకు కనిపిస్తోంది. తెల్లచీర మాసి ఉంది. ఎంత చిన్న మనిషో అప్పుడే చూశాను. మడమను వెనక్కి లాగాను. వాపు మీద ప్రాణం పోయినట్టయింది. ఉయ్యాల కిర్రుమంది. ఆవిడ తిరిగి చూడలేదు. ఏరుతున్న చెయ్యి మాత్రం ఒక్క క్షణం ఆగింది.

కార్తీకంలో నీళ్ళు తీశాయి. మోకాలు సగానికి పైగా వంగుతోంది. గోడ పట్టుకుని కుడికాలి మీద నిలబడడం వచ్చింది. ఎడమకాలి మీద బరువు వెయ్యడానికి మాత్రం ధైర్యం చాలలేదు. వేస్తే మళ్ళీ విరుగుతుందని నా నమ్మకం. వాపు పూర్తిగా పోలేదు కాబట్టి ఒకసారి ఏలూరు ఆసుపత్రిలో చూపించమన్నాడు కట్టు కట్టిన ఆయన. నాన్నగారికి అది మిల్లులో పని ముమ్మరంగా ఉండే కాలం, సెలవు లేదు. అమ్మ జ్వరం తగ్గినా లేచి నాలుగడుగులు వేస్తే కళ్ళు తిరిగేవి. ఎవరు తీసుకెళ్ళాలన్న మాట రెండు రోజులు ఇంట్లో నలిగింది.

"నేను తీసుకెళ్తాను" అంది అత్తయ్య, పొయ్యి ఊదుతూ.

అమ్మ నమ్మలేనట్టు చూసింది. "మీరాండీ వదినగారూ? నలుగురూ ఏమనుకుంటారో..."

"పిల్లకి కాలు పోతే వచ్చి మోసేది ఆ నలుగురూ కాదు కదమ్మా."

మర్నాడు పొద్దున్న పడవవాడు నన్ను ఎత్తుకుని రేవులో ఒడ్డున దింపాడు. కుడికాలి మీద నిలబడి, చంకలో కర్ర ఆనించుకుని పడవను చూశాను.  అదే రేవు, అవే రాళ్ళు. వాడు చెయ్యి అందించి మెల్లగా పడవలోకి ఎక్కించాడు. పీట మీద కూలబడి అంచు గట్టిగా పట్టుకున్నాను. తర్వాత అత్తయ్య ఎక్కాలి. ఎక్కలేదు. రేవు మెట్టు మీద నిలబడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చుట్టూ నీళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు బిందెలు దించి చూస్తున్నారు. పడవవాడు చెయ్యి చాపాడు. పరాయి మగవాడి చెయ్యి ఆవిడ పట్టుకోదు. పడవ నీళ్ళ మీద అటూ ఇటూ కదులుతోంది.

"నాకు భయంగా ఉందే పిల్లా" అంది, నాకు మాత్రమే వినిపించేలా. "చెయ్యి ఇయ్యి."

నేను కూర్చున్నచోటు నుంచి చెయ్యి చాపితే అందలేదు. లేచాను. ఇంకా అందలేదు. కర్ర వదిలేసి, ఎడమకాలు ముందుకు వేసి, దాని మీద బరువు మోపి వంగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. నా చేతి ఆసరాతో ఆవిడ పడవలోకి అడుగు పెట్టింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డాం. నా కాలు విరగలేదు.

ఆవిడకి ఆ రోజు నిజంగా భయమేసిందా, లేక నన్ను నిలబెట్టడానికి అలా అందా? పెద్దయ్యాక ఒకసారి అడిగాను కూడా. "నీ ఇష్టం వచ్చినట్టు అనుకో" అని నవ్వేసింది. నాకు మాత్రం ఆ చేతి చల్లదనం గుర్తుంది.

ఏలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ నా మోకాలు వంచి చూసి, "బాగానే వంగుతోందే, ఏం చేయించారమ్మా?" అని అడిగింది. అత్తయ్య తలొంచుకుని, "తమ్ముణ్ణి ఊపిందండీ" అంది. డాక్టరమ్మకి అర్థం కాలేదు. వాపుకి మందు రాసిచ్చి, ఇక నడిపించమని చెప్పింది. ఆ తర్వాత మందు కోసం మరికొన్నిసార్లు ఏలూరు వెళ్ళాం. మాట్లాడుకునేవాళ్ళు మాట్లాడుకున్నారు. కొన్నాళ్ళకి వాళ్ళకీ విసుగొచ్చింది. అత్తయ్య తర్వాత ఊళ్ళో ఎవరింట్లో మనిషి మంచాన పడినా వెళ్ళి చూసొచ్చేది. ఎవరూ పిలవాల్సిన అవసరం ఉండేది కాదు.

నా ఎడమకాలు కుడికాలి కన్నా కాస్త పొట్టి. మోకాలు పూర్తిగా మడవలేను, పీట మీద కూర్చుంటే కాలు చాపుకోవలసిందే. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఎన్ని మెట్లు ఎక్కి దిగానో లెక్కలేదు. ఆ కాలు నాతో వస్తూనే ఉంది.

జబ్బుపడిన వాళ్ళని చూడ్డానికి వెళ్ళేటప్పుడు అందరిలా నేను పళ్ళు పట్టుకెళ్ళను. మా పిల్లలు దీనికి నన్ను కోప్పడతారు కూడా. మొన్న మా వీధి చివర ఒకావిడ తుంటి విరిగి, ఆపరేషనయ్యాక నెలల తరబడి గోడ వైపు తిరిగి పడుకుందని విని వెళ్ళాను. ఎలా ఉందని అడగలేదు. సంచీలోంచి చిక్కుడుకాయలు తీసి, చేటలో పోసి, ఆవిడ పక్కన పెట్టాను. "నా చేతులు వణుకుతున్నాయమ్మా, ఇవాళ్టి కూరకి ఇవి ఒలిచి పెట్టాలి" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ముఖం తిప్పుకుంది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను, తొందరేమీ లేదన్నట్టు. చాలాసేపటికి ఆవిడ మోచేతి మీద కాస్త లేచి, ఒక కాయ తీసుకుని ఈనె లాగింది.